ముగ్గులో నింపని సున్నా

మా పెద్దమ్మ డాక్టర్ సుభద్ర గత నెలలో కుప్పంలో కన్నుమూసింది. కబురు వచ్చినప్పుడు నేను మదనపల్లెలో మా బడిలో పిల్లలకు పద్యం చెబుతున్నాను. ఫోనులో తమ్ముడు "అక్కా, పెద్దమ్మ పోయిందక్కా" అన్నాడు. "సరే" అని ఫోను పెట్టేసి, ఆ పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం మొత్తం చెప్పి, గంట కొట్టాకే తరగతిలోంచి బయటికి వచ్చాను. పిల్లలకు అనుమానం కూడా రాలేదు. వరండా స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డప్పుడు గాని తమ్ముడి మాట నాలోకి దిగలేదు. ఎవరు పోయినా ముందుగా పెద్దమ్మకు ఫోను చేయడం మా ఇంట్లో అలవాటు. ఆ రోజు కూడా నా వేలు ఆమె పేరు దగ్గరికే వెళ్ళింది.

ఇంటి మెట్టు మీద కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స సవ్యంగానే జరిగింది గాని, మంచం పట్టిన దేహంలోకి న్యుమోనియా చొరబడింది. ముట్లుడిగిన స్త్రీల ఎముకలు ఎందుకు గుల్లబారతాయి, కొన్ని వంశాలలో ఆ క్షయం ఎందుకంత ఉధృతంగా ఉంటుంది అన్న ప్రశ్నకు ఆయుష్షంతా ధారపోసిన వైద్యురాలు ఆమె. "తుంటి ఇరిగిన ముసిలోళ్ళను ఎముక సంపదు పాపా, మంచం సంపుతాది" అని ఆమె అనగా ఎన్నిసార్లు విన్నానో. శవం ఇంకా ఇంట్లో ఉండగానే బంధువు ఒకాయన "ఎముకల డాక్టరమ్మకే ఎముక ఇరిగె. ఇంక ఊరోళ్ళకు ఏం చెప్పినట్ల?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. చావింట్లో నోరు పారేసుకోకూడదని ఊరుకున్నాను. ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చోవడానికి ఆయన కూడా ఒక కారణం.

పెద్దమ్మ పుట్టింది పుంగనూరు దగ్గర మెట్టపొలాల ఊర్లో. మా అమ్మమ్మ లక్ష్మమ్మకు ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దది సుభద్ర, చిన్నది మా అమ్మ జయమ్మ. అమ్మమ్మ తమ్ముడు చెన్నప్ప. అక్క కూతురిని తమ్ముడికి ఇవ్వడం మా వైపు ఎవరూ ప్రత్యేకంగా అడిగి నిర్ణయించేది కాదు, పుట్టినప్పుడే తేలిపోయిన విషయం. సుభద్ర పెద్దదైన రోజే చెన్నప్ప మామ తెచ్చిన చీర కట్టబెట్టారు. కానీ ఆమె మెడిసిన్ సీటు తెచ్చుకుని, మామ ఎదుటే నిలబడి "నీ మీద నాకు కోపం లేదు మామా. నాకు పెండ్లి వద్దు, సదువుకుంటా" అని చెప్పేసింది. అమ్మమ్మ అన్నం మానేసింది. అనుకున్న సంబంధం తప్పిపోతే అవమానమని, మరుసటి ఏడు అదే మామకు మా అమ్మను ఇచ్చి చేశారు. ఆ చెన్నప్పే మా నాన్న. అంటే నాకు అమ్మ వైపూ, నాన్న వైపూ వచ్చింది ఒకే నెత్తురు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, పెద్దమ్మ జీవితమంతా దీని చుట్టూనే తిరిగింది.

మా నాన్న చాలా మంచివాడు, అమ్మ కాపురం చల్లగా సాగింది. అయినా పెద్దమ్మ మాత్రం "నేను కాదని లేసొచ్చిన పీట మీద నా సెల్లెల్ని కూర్సోబెట్టినారు" అని ఒకసారి నాతో అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాను. ఆమె మళ్ళీ పెళ్ళి ఊసెత్తలేదు. కుప్పంలో ఒక వైద్య కళాశాలలో పాఠాలు చెబుతూ, రోగులను చూస్తూ అక్కడే స్థిరపడింది.

మా అమ్మమ్మను నేను చూసేసరికే ఆమె నడుము వంగిపోయింది. ఏటికేడు పొట్టిదైపోయేది. చీర అంచు నేల మీద ఈడుస్తుంటే బొడ్డు దగ్గర ఇంకో మడత దోపుకునేది. చివరికి కడుపు దగ్గర బట్ట మూటలాగా ఉండేది. ఎండిన కంపను లాగబోయి చెయ్యి విరగ్గొట్టుకుంది, తర్వాత తుంటి, తర్వాత మంచం, ఆ తర్వాత చావు. ఆమె తల్లి కూడా అలాగే పోయిందని ఊర్లో పెద్దవాళ్ళు చెప్పేవారు.

అమ్మమ్మకు కొడుకులు లేరు కనుక తమ్ముడూ అల్లుడూ అయిన నాన్నే కొరివి పెట్టాడు. మూడోనాడు పాలు పోసి ఎముకలు ఏరడానికి వెళ్ళి, చిన్న కుండతో తిరిగివచ్చి గడపలో కూలబడ్డాడు. "ఏరదామంటే చేతికి ఎముక రాల్యా. పట్టుకుంటే పొడి. మా అక్కకు ఏం శాపమో" అని ఏడ్చాడు. ఆ మాట అరగంటలో ఊరంతా పాకింది. ఫలానా ఇంటి ఆడవాళ్ళకు ఎముకల శాపం ఉందనీ, అది తల్లి నుంచి కూతురికి దిగుతుందనీ చెప్పుకున్నారు. పెద్దమ్మ ఒక్కతే నాన్న పక్కన కూర్చుని "మామా, నిప్పులో కాలిన ఎముక ఎవురిదైనా పొడే అయితాది. దాన్ని బట్టి ఏమీ తేలదు. శాపమూ లేదు, పాడూ లేదు" అంది. నెమ్మదిగా "తల్లి నుంచి కూతురికి దిగేది మాత్రం ఏదో ఉండాది. అదేందో సూడాల" అంది. అప్పటిదాకా మామూలు వైద్యురాలైన పెద్దమ్మ ఆ తర్వాత ఎముకల వెంట పడింది.

ఆమె పరిశోధనను వివరించేంత విద్య నాకు లేదు. నాకు అర్థమయ్యేటట్టు ఆమె చెప్పింది ఇంతే: ఎముక సాంద్రతలో చాలా భాగాన్ని జన్యువులే నిర్ణయిస్తాయి, కానీ అందుకు ఒక్క జన్యువంటూ లేదు. ఎన్నెన్నో జన్యువులు తలా కాస్త వాటా పెడతాయి. విటమిన్ డిని ఒంటికి పట్టించేవి కొన్ని, ఎముకకు పట్టునిచ్చే మాంసకృత్తిని తయారుచేసేవి కొన్ని, ఈస్ట్రోజెన్ మాట వినేవి కొన్ని. ముట్లు ఆగి ఆ ఈస్ట్రోజెన్ పడిపోయేసరికి, పుట్టుకతోనే తక్కువ సాంద్రతతో వచ్చిన ఎముక త్వరగా ఖాళీ అవుతుంది. "వయసులో ఉన్నప్పుడు ఎముక మాట్లాడదు పాపా. అంతా ఖాళీ అయినాక ఒగేసారి అరుస్తాది" అనేది. మేనరికాల వల్ల ఈ ముప్పు రెట్టింపవుతుందా అని అడిగితే మాత్రం తొందరపడేది కాదు. "అనుమానం ఉండాది. రుజువు సాలదు. రుజువు సాలని మాట డాక్టరు నోట్లో నుంచి రాకూడదు" అని కత్తిరించేసేది. ఆ నిగ్రహాన్ని నేను చాలా తక్కువమంది విద్యావంతులలో చూశాను.

పెద్దపంజాణి, తంబళ్లపల్లె వైపు ఊర్లలో ఆమె వంశాల వివరాలు సేకరించిన పద్ధతి వేరే ఎవరికీ తట్టి ఉండదు. కాగితం మీద పేర్లు రాస్తామంటే ఆడవాళ్ళు జడుసుకునేవారు, రేషన్ కార్డు పోతుందనో పింఛను ఆగుతుందనో. అందుకని పెద్దమ్మ ముగ్గుపిండి చిప్ప పట్టుకుని వాకిట్లో కూర్చునేది. ఆడమనిషికి సున్నా, మగమనిషికి చదరం. మొగుడూ పెళ్ళాలకు నడుమ ఒక గీత, రక్తసంబంధంలో పెళ్ళయితే జంట గీత. ముట్లుడిగాక ఎముక విరిగిన ఆడమనిషి సున్నాను, పరీక్షలో ఎముక గుల్లబారిందని తేలినామె సున్నాను పిండితో నింపాలి. చనిపోయినవారి మీద వాలు గీత. ముగ్గు అనగానే ఆడవాళ్ళు చుట్టూ మూగి "ఆమె పెద్దది కాదమ్మా, సిన్నది", "మా అత్తకు ఇంగో సెల్లెలు ఉండేది, దాన్ని ఎయ్యలేదే" అని తప్పులు దిద్దేవారు. పెద్దమ్మకు ముగ్గు వంకర టింకరగా వచ్చేది. అందుకని చెల్లెల్ని వెంట తీసుకెళ్ళేది. అక్క పేర్లు అడగడం, చెల్లెలు ముగ్గు వేయడం. నాన్న పోయాక అమ్మకు అదే లోకం అయింది. చదువు రాని మా అమ్మ వేలి కొసల నుంచి దిగిన వంశాలు ఆ పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. మేనరికాల ఇళ్ళలో గీతలు కిందికి పోయినట్టే పోయి చుట్టుకుని మళ్ళీ పైకి వచ్చేవి. "ఇది మెలికల ముగ్గు అక్కా" అని నవ్వేది అమ్మ.

ఒకసారి తంబళ్లపల్లె దగ్గర ఒక పల్లెలో వేసిన ముగ్గును చూడడానికి వారం తిరక్కుండానే మళ్ళీ వెళ్ళవలసి వచ్చింది. ఆ ముగ్గు చెక్కు చెదరకుండా ఉంది. ఆడవాళ్ళు దాని చుట్టూ ఇటుకలు పేర్చి, నింపిన సున్నాల మీద పసుపు కుంకుమలు చల్లి, టెంకాయ కొట్టి, పొద్దున్నే దాని చుట్టూ తిరుగుతున్నారు. ఎముకలు గట్టిపడే ముగ్గట. "డాక్టరమ్మ ఏసిపోయింది, తొక్కొద్దండి" అని మేకలను తోలుతున్నారు. పెద్దమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆ ఇంటి ఆడపిల్లను చూడడానికి అదే రోజు వచ్చిన కలకడ ఊరి పెళ్ళివారు ఆ ముగ్గు ఏమిటని అడిగారు. ఎవరో అమాయకంగా అంతా చెప్పేశారు. ఇన్ని నింపిన సున్నాల కింద ఉన్న పిల్ల మాకు వద్దని వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. పిల్ల తల్లి గోడకు తల ఆనించి "నా వల్లనే గదమ్మా. నా ఎముక దానికి పెట్టి పంపితిని" అని ఏడుస్తూ కూర్చుంది. పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకుని "నీ పిల్లకు నీ ముక్కు వచ్చింది, నీ జుట్టు వచ్చింది. అవి తప్పు అని ఎవురన్నా అన్నారా? ఎముక మాత్రం నువ్వు కావాలని ఇచ్చినావా?" అంది. ఆ తల్లికి ఆ మాట చెవికెక్కలేదు. పెద్దమ్మ బిందెడు నీళ్ళు తెచ్చి తన చేతులతో ఆ ముగ్గును కడిగేసింది. అప్పటినుంచి ఏ ఊర్లోనైనా ఫోటో తీసుకుని ముగ్గు చెరిపాకే లేచేది.

ఆ రోజు తిరిగి వచ్చే దారిలో బస్సులో అమ్మ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుందట.

దాని తర్వాత కొన్నాళ్ళకు పుంగనూరులో మా ఇంటి వాకిట్లో పెద్దమ్మ ముగ్గుచిప్ప పట్టుకుని కూర్చుంది. "అందరి ఇండ్లవీ అయినాయి జయా, మనది మాత్రం కాల్యా" అని అమ్మమ్మ సున్నా వేసి నింపింది. తన సున్నా వేసి నింపింది. ఆమెకు అప్పటికే మణికట్టు విరిగి ఉంది, పరీక్షలో సాంద్రత బాగా తగ్గిపోయిందని తేలింది, మందులు వాడుతోంది. అవేవీ ఎవరి దగ్గరా దాచలేదు. మా నాన్న చదరం వేసి, అమ్మ సున్నా వేసి, నడుమ జంట గీత గీసి, "దీన్ని నింపాల్నా వద్దా తెలియాలంటే నువ్వు కుప్పం వచ్చి ఒగసారి స్కానింగు చేయించుకోవాల" అంది. అమ్మ లోపలికి వెళ్ళి బిందె తెచ్చింది. అక్క కాళ్ళు తడిసినా లెక్కచేయకుండా ముగ్గు మొత్తం మీద నీళ్ళు కుమ్మరించింది. "మా ఇంటి జోలికి రావద్దు అక్కా. నీకు దండం పెడతా" అంది. వాళ్ళిద్దరి నడుమ గొడవ జరగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి పెద్దమ్మ అడుగుతూనే ఉంది, అమ్మ కాదంటూనే ఉంది. పండగలకు కలిసేవారు, కలిసి వడియాలు పెట్టేవారు, ఊర్లకు వెళ్ళి ముగ్గులు వేసేవారు. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం అమ్మ రాయైపోయేది. అమ్మది మొండితనమనీ, పల్లెటూరి భయమనీ నేను విసుక్కునేదాన్ని. పెద్దమ్మ విసుక్కోలేదు. చెల్లెలి చీర అంచు కేసి చూసేది. అది మడమల కిందికి ఎంత జారిందో చూసి, నా వైపు తిరిగి కళ్ళతోనే చెప్పేది.

ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు ఆమె తన ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఉంది. "సూడు పాపా, ఇది మా అమ్మ ఎముక. నా పేరు రాసుండారు, అంతే" అంది. మందులు వాడినా విరిగింది కదా పెద్దమ్మా అని నా నోటి నుంచి వచ్చేసింది. "మా అమ్మ నా వయసు దాకా రాలేదు గదా. మందు నాకు ఇచ్చింది ఆ నడుమ ఉండే కాలమే. సాలదా?" అంది. ఆ బంధువుకు నేను చెప్పలేకపోయిన సమాధానం ఇదే. తర్వాత "మీ అమ్మ వచ్చిందా?" అని అడిగింది. వచ్చింది, బయట బెంచీ మీద కూర్చుంది, లోపలికి రాలేక ఏడుస్తోంది అన్నాను. "జయను మాత్రం ఇట్ల పడనియ్యొద్దు. నువ్వు కూడా పడొద్దు. నీకు రెండు పక్కల నుంచీ వచ్చింది పాపా. నా వల్ల వచ్చింది, ఆ పీట మీద నుంచి నేను లేసొచ్చినందుకే" అంది. నేను ఆ చెయ్యి పట్టుకుని, తంబళ్లపల్లె దగ్గర ఆ పిల్ల తల్లికి ఆమె చెప్పిన మాటే ఆమెకు చెప్పాను, ఎముక నువ్వు కావాలని ఇచ్చినావా అని. ఆమెకూ చెవికెక్కలేదు.

దహనం కుప్పంలోనే జరిగింది. మూడోనాడు తమ్ముడు శ్మశానం నుంచి కుండతో వచ్చి, నాన్న లాగే ఏదో చెప్పబోయాడు. "కాలిన ఎముక ఎవురిదైనా పొడేరా" అని అమ్మ అతని మాటకు అడ్డుపడింది. ఆ మాట అమ్మ నోట వినడం నాకు ఆశ్చర్యమైంది.

పెద్దకర్మ అయ్యేదాకా చావింటి ముందు ముగ్గు వేయరు. కర్మ ముగిసిన మర్నాడు పొద్దున పెద్దమ్మ ఇంటి వాకిలి కడిగి నేను ముగ్గుచిప్ప అందుకోబోతే అమ్మ "ఇటివ్వు" అంది. గోడ పట్టుకుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, ఎంతో కష్టపడి కూర్చుంది. నేను ఏదో చుక్కల ముగ్గు వేస్తుందనుకున్నాను. అమ్మ ఒక సున్నా వేసి నింపి, దాని మీద వాలు గీత గీసింది. అమ్మమ్మ. దాని కింద ఇంకొకటి వేసి నింపింది. వాలు గీత గీసేటప్పుడు చెయ్యి ఆగింది, గీసింది. పెద్దమ్మ. నాన్న చదరం వేసి, పక్కన తన సున్నా వేసి, జంట గీత గీసింది. వాటి కింద తమ్ముడి చదరం, నా సున్నా. అన్నీ అచ్చం పెద్దమ్మ చెప్పినట్టే, ఎక్కడా తడబడలేదు. ఆమె చీర అంచు తడి నేల మీద ఒత్తుగా పరుచుకుని ఉంది.

అమ్మ వేలు తన సున్నా మీద ఆగింది. "దీన్ని నింపితే దాన్నీ నింపాల గదా" అని నా సున్నా వైపు చూపించింది. "తెలిస్తే, నేనే నీకు ఇచ్చినానని తెలిసిపోతాది గదమ్మా. ఆ పొద్దు ఆ పిల్ల తల్లి ఏడ్సిన ఏడుపు నేను మరిసిపోల్యా. అందుకే నీళ్ళు పోసినా. అక్కకు చెప్పలేకపోతిని. డాక్టరు గదా, ఇంత సిన్న మాటకా అని నగుతాదేమోనని" అంది. అవతల తన వల్లే అనుకుంటూ ఒకామె వెళ్ళిపోయింది, ఇవతల తన వల్లే అనుకుంటూ ఒకామె ఇన్నేళ్ళూ మౌనంగా కూర్చుంది. ఇద్దరూ నా గురించే. ఒకరికొకరు ఈ ఒక్క మాట చెప్పుకుని ఉంటే ఆ రోజు పుంగనూరు వాకిట్లోనే తేలిపోయేది.

కాసేపటికి అమ్మ చేతులు దులుపుకుని "ఆ స్కానింగు యాడ తీస్తారో అడుగు. ఇద్దరం పోదాం. ముందర నువ్వు, ఎనక నేను" అంది.

పరీక్ష చేయించుకున్నాం. ఫలితం చూసి ఇది ఎంత చెడ్డదో, ఇంకా ఎంత కాలం ఉందో, భయపెట్టకుండా, అబద్ధం చెప్పకుండా చెప్పగలిగిన మనిషి ఇప్పుడు లేదు. కొత్త డాక్టరు మంచివాడే, మందులు రాసిచ్చాడు. కానీ మా అమ్మమ్మ తుంటిని చూసినవాడు కాదు, మా అమ్మ చీర అంచును కొలిచినవాడు కాదు. ఆ విద్య మరెవరైనా నేర్చుకోగలరు. ఆ విద్యతో పాటు మా నెత్తురు కూడా ఉన్న మనిషిని మాకు మళ్ళీ ఎవరు తెచ్చిస్తారు?

పెద్దమ్మా, ఈ వ్యాసం నీకు అంజలి అనుకుంటావో, ఆలస్యంగా వచ్చిన జవాబు అనుకుంటావో. ఫలితం తెలిసిన మర్నాడు పుంగనూరులో మన వాకిట్లో మళ్ళీ వేసిన ముగ్గులో అమ్మ సున్నా, నా సున్నా రెండూ నిండాయి. సాయంత్రం దాకా అది అలాగే ఉంది. నీ చెల్లెలు నీళ్ళు పోయలేదు.